డెమోనా, టైమ్ ట్రయలా? గేమ్ కొనే ముందు ఏది ఆడితే అసలు సంగతి తెలుస్తుంది?

విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ముందు ఒక్కసారైనా కూర్చున్నవాళ్లకి స్పేస్ క్యాడెట్ పిన్‌బాల్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. నెట్ లేని రోజుల్లో అదే దిక్కు. కానీ అది ఒక పెద్ద గేమ్‌లో ముక్క మాత్రమే అని చాలామందికి తెలీదు. 1995లో మాక్సిస్ 'ఫుల్ టిల్ట్! పిన్‌బాల్' అనే గేమ్ రిలీజ్ చేసింది. అందులో మొత్తం మూడు టేబుళ్లు. విండోస్‌తో పాటు మన దాకా వచ్చింది ఒక్కటే. మిగతా రెండూ ఆడాలంటే అసలు గేమ్ కొనుక్కోవాలి.

అదే కంప్యూటర్లో చాలా ఇళ్లల్లో జూమా కూడా ఉండేది. పాప్‌క్యాప్ వాళ్ల గేమ్. దాని పద్ధతి వేరు. 60 నిమిషాల ట్రయల్ ఇస్తారు, హాయిగా ఆడుకోవచ్చు. టైమ్ అయిపోయాక మాత్రం కొంటేనే తలుపు తెరుచుకుంటుంది.

గేమింగ్‌లో ఇప్పటికీ నడుస్తున్న రెండు దారులూ ఇవే. ఒకటి కొంచెం గేమ్‌ని ఎంతసేపైనా ఆడనిస్తుంది. ఇంకోటి మొత్తం గేమ్‌ని కొంచెంసేపే ఆడనిస్తుంది. పెద్ద గేమ్‌ల ధరలు రూ.3,000 నుంచి రూ.5,000 దాకా, ఆ పైనా ఉన్న ఈ రోజుల్లో ఏ ట్రయల్ దేనికి పనికొస్తుందో తెలుసుకుంటే మన జేబుకే మంచిది. స్టూడెంట్లకైతే ఒక గేమ్ అంటే ఒక నెల పాకెట్ మనీ. తప్పు గేమ్ కొంటే మళ్లీ కొనే ఛాన్స్ ఎప్పుడొస్తుందో తెలీదు.

ముందు పేర్లు సరిచేసుకుందాం

ఈ ఆర్టికల్‌లో 'డెమో' అంటే కోత పెట్టిన వెర్షన్. ఒకటో రెండో లెవెల్స్ ఉంటాయి, లేదా కొన్ని టీమ్‌లు, కొన్ని కార్లే ఉంటాయి. కొన్నిసార్లు కోత లెవెల్స్‌లో ఉండదు, ఆట పొడవులో ఉంటుంది. సివిలైజేషన్ 6 డెమోలో 60 టర్నుల దాకానే ఆడనిచ్చారు.

'టైమ్ ట్రయల్' అంటే పూర్తి గేమ్, కాకపోతే గడియారం తిరుగుతూ ఉంటుంది. ఈఏ ప్లేలో కొత్త గేమ్‌లకి ఇచ్చే 10 గంటల ట్రయల్, ప్లేస్టేషన్ ప్లస్‌లో దొరికే గేమ్ ట్రయల్స్ ఈ రకం.

రెండూ కలిసినవి కూడా ఉంటాయి. మైన్‌క్రాఫ్ట్ జావా డెమోలో గేమ్ లోపలి లెక్కన 5 రోజులు ఆడొచ్చు. గేమ్‌లో ఒక రోజంటే బయట 20 నిమిషాలు. అంటే మొత్తం 100 నిమిషాలన్నమాట. పేరు డెమో, పని మాత్రం టైమ్ ట్రయల్‌ది. అందుకే పేరు చూడకండి, ఏది ఆపుతోందో చూడండి: కంటెంటా, గడియారమా?

డూమ్ నేర్పిన పాఠం: ఫైల్‌లో లేనిదాన్ని ఎవరూ క్రాక్ చేయలేరు

డెమోల చరిత్రలో డూమ్ గురించి చెప్పకుండా ముందుకు పోలేం. 1993 డిసెంబర్ 10న ఐడీ సాఫ్ట్‌వేర్ దాన్ని షేర్‌వేర్‌గా వదిలింది. మూడు ఎపిసోడ్ల గేమ్‌లో మొదటి ఎపిసోడ్ పూర్తిగా ఉచితం. ఒక సీక్రెట్ లెవెల్‌తో కలిపి 9 లెవెల్స్. ఫ్రెండ్స్‌కి కాపీ చేసి ఇవ్వండి, పంచుకోండి అని కంపెనీయే చెప్పేది. నచ్చితే డబ్బు కట్టి మిగతా రెండు ఎపిసోడ్లు తెప్పించుకోవాలి.

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా నాకు ఇందులో బాగా నచ్చేది దాని కట్టుబాటు. గేమ్ ఇంజిన్ ఒకచోట, లెవెల్స్, బొమ్మలు, సౌండ్లు అన్నీ 'వాడ్' అనే వేరే ఫైల్‌లో. ఉచిత వెర్షన్ వాడ్ ఫైల్ సుమారు 4 ఎంబీ, కొన్నవాళ్లకి వచ్చేది 11 ఎంబీ పైనే. స్టార్ట్ అవగానే ఇంజిన్ పక్కన ఏ వాడ్ ఉందో చూసుకుంటుంది, దాన్నిబట్టి నడుచుకుంటుంది. కాబట్టి షేర్‌వేర్ కాపీని ఎంత గెలికినా రెండో ఎపిసోడ్ రాదు. అది ఆ డిస్క్‌లో లేనే లేదు కదా! పైగా బయటివాళ్లు తయారుచేసిన లెవెల్స్‌ని లోడ్ చేయబోతే, షేర్‌వేర్ వెర్షన్‌లో కుదరదు, రిజిస్టర్ చేసుకోండి అని మెసేజ్ వచ్చేది. కంటెంట్‌తో పాటు ఒక ఫీచర్‌కి కూడా తాళం వేశారు.

టైమ్ ట్రయల్‌లో కథ రివర్స్. మొత్తం గేమ్ మన డిస్క్‌లోనే ఉంటుంది, మధ్యలో ఒక తాళం ఉంటుంది అంతే. ఆ తాళం ఎక్కడ పెట్టాలన్నదే డెవలపర్‌కి తలనొప్పి. ఎన్ని నిమిషాలు ఆడామన్న లెక్క మన కంప్యూటర్లోనే రాసిపెడితే, సిస్టమ్ డేట్ మార్చో, రిజిస్ట్రీలో ఎంట్రీ తీసేసో దాన్ని ఏమార్చేవాళ్లు ఉంటారు. లెక్క సర్వర్‌లో పెడితే మోసం తగ్గుతుంది కానీ ఆడాలంటే నెట్ ఉండాలి. ఇప్పటి టైమ్ ట్రయల్స్ చాలావరకు స్టోర్ అకౌంట్‌కి ముడిపడి ఉండటానికి కారణం ఇదే.

మరి అందరూ డెమోలే ఇవ్వొచ్చు కదా అంటే, డెమో తయారీకి ఖర్చు ఉంది. కోత పెట్టాక మెనూలు, ట్యుటోరియల్, ముగింపు అన్నీ మళ్లీ సరిచూడాలి. దాన్ని విడిగా టెస్ట్ చేయాలి, కన్సోల్ అయితే విడిగా అనుమతి తీసుకోవాలి. మెయిన్ గేమ్‌లో బగ్ సరిచేస్తే ఆ ఫిక్స్ డెమోలోకీ తేవాలి. రిలీజ్ ముందు టీమ్ ఊపిరి సలపకుండా ఉండే సమయంలో ఇది అదనపు బరువు. టైమ్ ట్రయల్‌కి బిల్డ్ ఒక్కటే, లైసెన్స్‌లో ఒక మార్పు చాలు.

డెమో ఎక్కడ గెలుస్తుంది?

మొదటిది సైజు. పెద్ద నగరాల్లో ఫైబర్ ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయంలా అనిపించొచ్చు. హాస్టల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేవాళ్లని అడగండి. బాల్డర్స్ గేట్ 3 స్టీమ్ పేజీలో 150 జీబీ ఖాళీ స్థలం కావాలని రాసుంది. అంత సైజున్న గేమ్‌ని 50 ఎంబీపీఎస్ లైన్ మీద దించాలంటే, స్పీడ్ ఎక్కడా పడిపోకపోయినా 6 గంటల 40 నిమిషాలు. రోజుకి 1.5 జీబీ ప్యాక్ మీదైతే 100 రోజులు! రెండు గంటల రుచి కోసం అంత దించుకోమనడం న్యాయం కాదు. కోత పెట్టిన డెమోలో అక్కర్లేని డేటా తీసేస్తారు కాబట్టి సాధారణంగా అందులో చిన్న వంతే ఉంటుంది. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న నా ల్యాప్‌టాప్‌లో ఆఫీస్ ప్రాజెక్టులు పోను మిగిలే చోటులో డెమో పడుతుంది, పూర్తి గేమ్‌కి ఇంకేదో డిలీట్ చేయాల్సిందే.

రెండోది నిదానం. గడియారం లేకపోతే సెట్టింగ్స్ మార్చి చూడొచ్చు, కంట్రోలర్ పెట్టి ఒకసారి, కీబోర్డ్‌తో ఒకసారి ఆడొచ్చు. తమ్ముడికి ఇచ్చి చూడమనొచ్చు. ఆదివారం మొదలుపెట్టి వచ్చే శనివారం కొనసాగించొచ్చు.

మూడోది, మంచి డెమో దానికదే ఒక చిన్న గేమ్. 1999లో వచ్చిన 'హాఫ్-లైఫ్: అప్‌లింక్' డెమోలోని లెవెల్స్ అసలు హాఫ్-లైఫ్‌లో ఉండవు. 2013లో వచ్చిన 'ది స్టాన్లీ పారబుల్' డెమో కూడా అసలు గేమ్ నుంచి కోసిన ముక్క కాదు, డెమో కోసమే విడిగా తయారుచేశారు. ఇలాంటివి ఆడితే కథలో ఏదీ ముందే తెలిసిపోదు, ఆ గేమ్ తీరు ఎలా ఉంటుందో మాత్రం తెలుస్తుంది.

డెమో ఎక్కడ బోల్తా కొట్టిస్తుంది?

ఏ ముక్క చూపించాలో నిర్ణయించేది అమ్మేవాళ్లే. పెళ్లిచూపుల్లాంటిదన్నమాట. ఇల్లంతా సర్ది, మంచి చీర కట్టించి చూపిస్తారు. 20 గంటల గేమ్‌లో బాగా మెరుగుపెట్టిన 20 నిమిషాలు చూసి మిగతాదంతా అలాగే ఉంటుందని అనుకోలేం. తరవాతి లెవెల్స్‌లో చేసిందే మళ్లీ మళ్లీ చేయిస్తున్నారా, గేమ్ లోపల మళ్లీ డబ్బులు అడుగుతున్నారా అన్నది డెమోలో కనబడదు.

పర్ఫార్మెన్స్ విషయంలోనూ ఇదే చిక్కు. చిన్న గదుల్లో నడిచే డెమో మీ గ్రాఫిక్స్ కార్డ్ మీద 60 ఎఫ్‌పీఎస్ ఇచ్చిందంటే, వందమంది జనం ఉన్న బజార్లోనూ అంతే ఇస్తుందని గ్యారంటీ లేదు. పైగా డెమో చాలాసార్లు కొన్ని నెలల ముందటి బిల్డ్ అయ్యుంటుంది. ఫైనల్ గేమ్ అంతకంటే బాగుండొచ్చు, దారుణంగానూ ఉండొచ్చు.

కొన్ని డెమోల వెనక గేమే రాకపోవచ్చు. 2014లో పీఎస్4 మీద వచ్చిన 'పీ.టీ.' సైలెంట్ హిల్స్ అనే హారర్ గేమ్‌కి టీజర్. ఒకే కారిడార్‌లో తిరుగుతూ భయపెట్టే ఆ డెమోని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. 2015లో అసలు గేమ్ రద్దయింది, డెమోని కూడా స్టోర్ నుంచి తీసేశారు.

టైమ్ ట్రయల్ బలం: ఉన్నది ఉన్నట్టు

టైమ్ ట్రయల్‌లో మనం ఆడేది డబ్బులు పెట్టినవాళ్లు ఆడే గేమే. అదే బిల్డ్, అవే ప్యాచ్‌లు, అవే బగ్‌లు. మెనూలన్నీ తెరిచి చూడొచ్చు, ఆన్‌లైన్ మోడ్‌లోకి వెళ్లి మన ఊరి నుంచి పింగ్ ఎంత వస్తుందో చూడొచ్చు. మల్టీప్లేయర్ గేమ్‌కి ఈ ఒక్క సమాధానం కోసమైనా టైమ్ ట్రయల్ కావాలి. సర్వర్ దూరంగా ఉండి ప్రతి మ్యాచ్‌లో ల్యాగ్ కొడుతుంటే గ్రాఫిక్స్ ఎంత బాగుంటే ఏం లాభం?

సైబర్‌పంక్ 2077 దీనికి మంచి ఉదాహరణ. 2020 డిసెంబర్‌లో రిలీజైనప్పుడు పాత పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ మీద అది నడిచిన తీరు చూసి జనం గగ్గోలు పెట్టారు. రిలీజైన వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి, రీఫండ్‌లు ఇచ్చింది. పీఎస్4 వాళ్లకి ఒక్క గంట ట్రయల్ ఉన్నా కొనేముందే సంగతి తెలిసిపోయేది. తర్వాత 2022 ఫిబ్రవరిలో పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ వెర్షన్లు వచ్చినప్పుడు అదే కంపెనీ 5 గంటల ఉచిత ట్రయల్ కొన్నాళ్లు పెట్టింది. తన గేమ్ నడుస్తుందన్న నమ్మకం కుదిరాక తలుపు తెరిచిందని నాకనిపిస్తుంది.

గడియారంతో వచ్చే చిక్కులు

టైమ్ ట్రయల్‌లో అసలు ప్రశ్న: టైమ్ ఎప్పటినుంచి లెక్కేస్తారు? 2021లో సోనీ యూకేలో పీఎస్5 మీద రెండు ట్రయల్స్ పెట్టింది. డెత్ స్ట్రాండింగ్‌కి 6 గంటలు, సాక్‌బాయ్‌కి 5 గంటలు. కానీ గడియారం మొదలయ్యేది ఆట మొదలుపెట్టినప్పుడు కాదు, డౌన్‌లోడ్ నొక్కినప్పుడు! నెట్ స్లో ఉన్నవాళ్లకి గేమ్ దిగేలోపే గంటలు కరిగిపోయాయి. ఇప్పటి ప్లేస్టేషన్ ప్లస్ ట్రయల్స్‌లో ఆడిన సమయమే లెక్కలోకి వస్తుంది. అయినా ఏ ట్రయల్ నొక్కేముందైనా ఈ రూల్ చదవడం మంచిది.

పీసీలో ఇంకో దొంగ ఉన్నాడు, షేడర్ కంపైలింగ్. మీ గ్రాఫిక్స్ కార్డ్‌కి తగ్గట్టు గేమ్ ముందే కొన్ని చిన్న ప్రోగ్రామ్‌లు సిద్ధం చేసుకుంటుంది. 2023 మార్చిలో 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1' పీసీలోకి వచ్చినప్పుడు ఈ పనికే చాలాసేపు పట్టిందని ఆడినవాళ్లు మొత్తుకున్నారు. గేమ్ ఓపెన్ అయి ఉంది కాబట్టి స్టీమ్ దృష్టిలో అదంతా ఆడిన సమయమే.

ఇక మూడోది మన మనసు. మూలన టైమర్ తిరుగుతుంటే ఆడే తీరు మారిపోతుంది. డైలాగులు స్కిప్ చేస్తాం, సైడ్ మిషన్ వదిలేస్తాం, పరుగెడతాం. నింపాదిగా తిరుగుతూ ఆడాల్సిన గేమ్‌ని అలా ఆడితే అది బాగాలేదనిపించడం సహజం. పెద్ద ఆర్‌పీజీల్లో మొదటి రెండు గంటలు క్యారెక్టర్ తయారీకి, కట్‌సీన్లకే సరిపోతాయి. ట్రయల్ అయ్యేసరికి మనం ఆడింది ట్యుటోరియల్ మాత్రమే.

ఒకే సిరీస్, మూడు పద్ధతులు

ఈ రెండింటి తేడా ఒకేచోట చూడాలంటే క్యాప్‌కామ్ వాళ్ల రెసిడెంట్ ఈవిల్ చాలు.

2019 జనవరిలో రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్‌కి '1-షాట్ డెమో' ఇచ్చారు. 30 నిమిషాలు, ఒక్కసారే. ప్రచారంగా చూస్తే అదిరిపోయే ఐడియా. కానీ ఈ సిరీస్ మజా అంతా గది గదీ వెతకడంలో, తలుపు ముందు ఆగి ఆలోచించడంలో ఉంటుంది. దానికి అరగంట టైమర్ పెడితే వెతకాలా, పరుగెత్తాలా? ఇంకోసారి ఆడటానికి కొత్త అకౌంట్లు తెరిచినవాళ్లూ ఉన్నారు.

2021లో రెసిడెంట్ ఈవిల్ విలేజ్‌కి ఇంకో అడుగు ముందుకేశారు. ప్లేస్టేషన్ వాళ్లకి ముందుగా ఇచ్చిన డెమో 30 నిమిషాలే, అదీ కంపెనీ చెప్పిన 8 గంటల వ్యవధిలోనే ఆడాలి. తర్వాత అందరికీ ఇచ్చిన 60 నిమిషాల డెమోని కూడా మొదట ఒక్క రోజుకే పరిమితం చేశారు. ఆ టైమ్‌లో ఆఫీసులో ఉన్నవాళ్లు, నిద్రపోయేవాళ్లు ఏం చేయాలి? గోల మొదలయ్యాక గడువుని వారం పైకి పెంచారు.

2023 మార్చిలో రెసిడెంట్ ఈవిల్ 4 రీమేక్‌కి వచ్చిన 'చైన్‌సా డెమో'కి టైమర్ లేదు. ఊళ్లోకి అడుగుపెట్టే మొదటి ఘట్టం ఇచ్చి ఎన్నిసార్లయినా ఆడుకోమన్నారు. దాంట్లోనే ఒక సీక్రెట్ కష్టమైన మోడ్ కూడా దాచారు. జనం మళ్లీ మళ్లీ ఆడారు, రకరకాల సెట్టింగ్స్‌తో తమ పీసీలని పరీక్షించుకున్నారు. నాలుగేళ్లలో అదే కంపెనీ గడియారం నుంచి కోత వైపు వచ్చింది. కథ, వాతావరణం ముఖ్యమైన గేమ్‌కి గడియారం సరిపడదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

మరి కంపెనీలు ఎందుకు వెనకాడతాయి?

2013లో డైస్ సమ్మిట్‌లో గేమ్ డిజైనర్ జెస్సీ షెల్ ఒక గ్రాఫ్ చూపించారు. ఎక్స్‌బాక్స్ 360 గేమ్‌ల అమ్మకాల మీద ఈడార్ అనే సంస్థ లెక్కలవి. ట్రైలర్ ఉండి డెమో లేని గేమ్‌లు, రెండూ ఉన్నవాటికంటే బాగా ఎక్కువ అమ్ముడయ్యాయని అందులో ఉంది. ట్రైలర్ ఆశ పెంచుతుంది, డెమో ఆ ఆశ తీర్చేస్తుంది, ఇక కొనడం ఎందుకు అన్నది ఆయన వాదన.

నేనైతే ఆ గ్రాఫ్‌ని గుడ్డిగా నమ్మను. బాగా పేరున్న సిరీస్‌లకి డెమో అవసరమే ఉండదు, అవి ఎలాగూ అమ్ముడవుతాయి. డెమో వల్ల అమ్మకాలు తగ్గాయా, తక్కువ అమ్ముడయ్యే గేమ్‌లే డెమో ఇచ్చాయా అన్నది ఆ లెక్కతో తేలదు. పైగా డెమో ఆడి కొనకుండా ఆగిపోయిన ప్రతివాడూ కంపెనీకి నష్టమే అనుకున్నా, మన వైపు నుంచి చూస్తే అది మిగిలిన డబ్బు. డెమో తన పని తాను చేసిందనే లెక్క.

ఇంకో మార్పు కూడా గమనించండి. ఫిఫా సిరీస్‌కి ఏటా ఉచిత డెమో వచ్చేది. కొన్ని టీమ్‌లతో ఫ్రెండ్స్‌తో కూర్చుని ఎన్ని మ్యాచ్‌లైనా ఆడుకునేవాళ్లం. ఫిఫా 21 నుంచి ఆ డెమో ఆగిపోయింది. ఇప్పుడు ముందే రుచి చూడాలంటే ఈఏ ప్లే సభ్యత్వంతో వచ్చే 10 గంటల ట్రయల్ ఉంది. ప్లేస్టేషన్‌లోనూ గేమ్ ట్రయల్స్ కావాలంటే మన దేశంలో పైనున్న డీలక్స్ ప్లాన్ తీసుకోవాలి. అంటే కోత డెమో ఉచితంగా ఉండేది, పూర్తి గేమ్ ట్రయల్ మాత్రం నెలవారీ చందా వెనక్కి వెళ్లింది. ట్రయల్ మెరుగైంది, కాకపోతే దానికే టికెట్ పెట్టారు.

స్టీమ్ రీఫండ్ కూడా ట్రయలేనా?

2015 జూన్ నుంచి స్టీమ్‌లో ఒక రూల్ ఉంది. కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకంటే తక్కువ ఆడి ఉంటే కారణమేదైనా డబ్బు వెనక్కి అడగొచ్చు. చాలామంది దీన్ని 2 గంటల టైమ్ ట్రయల్‌లాగే వాడతారు. నేనూ వాడతాను. స్టీమ్‌లో దాదాపు ఏ కంపెనీ గేమ్‌కైనా దొరికే ట్రయల్ ఇది. కానీ ముందు మొత్తం డబ్బు కట్టాలి, వెనక్కి వచ్చేదాకా ఆగాలి. స్టీమ్ మాత్రం రీఫండ్ ఉన్నది రిస్క్ తగ్గించడానికే, ఉచితంగా గేమ్‌లు ఆడుకోవడానికి కాదని స్పష్టంగా చెప్తుంది. అతిగా వాడితే ఆ సౌకర్యం ఆపేయొచ్చు కూడా.

దీనికి అవతలి వైపు కూడా చూడాలి. 2021లో 'సమ్మర్ ఆఫ్ 58' అనే చిన్న హారర్ గేమ్ చేసిన ఎమికా గేమ్స్ డెవలపర్, ఇక కొన్నాళ్లు గేమ్‌లు చేయనని ప్రకటించారు. ఆ గేమ్ 2 గంటల్లోపే అయిపోతుంది. రివ్యూలు బాగానే ఉన్నా, పూర్తిగా ఆడేసి రీఫండ్ తీసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారని ఆ ప్రకటనలో బాధపడ్డారు. గడియారం పద్ధతి పొట్టి గేమ్‌లకి ఎంత అన్యాయమో ఇక్కడ తెలుస్తుంది. 80 గంటల గేమ్‌కి 2 గంటలు రుచి మాత్రమే. 90 నిమిషాల గేమ్‌కి అదే 2 గంటలు పూర్తి భోజనం. అలాంటివాళ్లకి కోత డెమోనే రక్షణ.

చిన్న డెవలపర్లకి డెమో మళ్లీ ఊపు తెచ్చింది కూడా స్టీమే. ఏడాదికి మూడుసార్లు జరిగే నెక్స్ట్ ఫెస్ట్‌లో ఇంకా రిలీజ్ కాని గేమ్‌ల డెమోలు పెద్ద సంఖ్యలో వస్తాయి, అన్నీ ఉచితం. 2024 జూలై నుంచి డెమోలకి విడిగా స్టోర్ పేజీ, విడిగా రివ్యూలు పెట్టుకునే వీలు కూడా ఇచ్చారు. ట్రైలర్‌కి కోట్లు పెట్టలేని ఇద్దరు ముగ్గురి టీమ్‌కి ఆడించి చూపించడమే పెద్ద ప్రచారం.

ఫోన్లో సంగతేంటి?

మొబైల్ గేమ్‌లు ఎక్కువ ఉచితమే కాబట్టి ట్రయల్ ప్రశ్న తక్కువ వస్తుంది. డబ్బు పెట్టి కొనే గేమ్‌లలో మాత్రం రెండు రకాలూ ఉన్నాయి. 2016లో ఐఫోన్‌కి వచ్చిన సూపర్ మారియో రన్‌లో మొదటి మూడు లెవెల్స్ ఉచితం, మిగతాదానికి ఒకేసారి డబ్బు. ఇది డూమ్ పద్ధతి. మైన్‌క్రాఫ్ట్‌కి ఆండ్రాయిడ్‌లో విడిగా ఒక ట్రయల్ యాప్ ఉంది, అది గడియారం పద్ధతి.

ప్లే స్టోర్ రీఫండ్ గడువు అటూ ఇటూ మారుతూ వచ్చింది. ఆండ్రాయిడ్ మార్కెట్ రోజుల్లో 24 గంటలు ఉండేది, 2010 చివర్లో 15 నిమిషాలకి కోసేశారు, 2014లో 2 గంటలు చేశారు. ఇప్పుడు కొన్న 48 గంటల్లోపు రీఫండ్ రిక్వెస్ట్ పెట్టొచ్చు. పెద్ద గేమ్ అయితే కొనగానే దించి, ఆ రోజే ఒక అరగంట ఆగకుండా ఆడి చూడండి. ఫోన్ వేడెక్కాక ఎఫ్‌పీఎస్ ఎంత పడిపోతుందో మొదటి 5 నిమిషాల్లో తెలీదు.

ఏ గేమ్‌కి ఏది? నా లెక్క ఇది

- కథ, హారర్, పజిల్ గేమ్‌లు: టైమర్ లేని కోత డెమో. నింపాదిగా ఆడితేనే వాటి తీరు అర్థమవుతుంది.
- ఆన్‌లైన్ షూటర్లు, స్పోర్ట్స్ గేమ్‌లు: టైమ్ ట్రయల్. సర్వర్, పింగ్, అన్ని మోడ్‌లూ చూడాలి.
- స్ట్రాటజీ, పెద్ద ఆర్‌పీజీలు: 10 గంటల్లాంటి పొడవైన ట్రయల్ అయితేనే లాభం. 2 గంటలదైతే రివ్యూలు చదవడమే నయం.
- పొట్టి ఇండీ గేమ్‌లు: డెమో ఆడి నచ్చితే కొనేయండి.
- పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తుందా అన్న అనుమానం ఉంటే: ఫైనల్ బిల్డ్‌తో ఉన్న టైమ్ ట్రయల్ లేదా రీఫండ్.

టైమ్ ట్రయల్ మొదలుపెట్టే ముందు గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేసుకోండి. గడియారం ఎప్పుడు మొదలవుతుందో, సేవ్ ఫైల్ అసలు గేమ్‌లోకి వస్తుందో లేదో చదవండి. మొదలయ్యాక ముందు జనం, వాన, పేలుళ్లు లాంటి బరువైన సీన్ దాకా వెళ్లి పర్ఫార్మెన్స్ చూడండి. కథ తర్వాత. డెమో అయితే దాని డేట్ చూడండి, రిలీజ్‌కి ఎన్ని నెలల ముందుదో తెలిస్తే ఎంత నమ్మాలో తెలుస్తుంది.

రెండింట్లో ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం నా ఓటు టైమర్ లేని డెమోకే, ఒక షరతుతో. ఆడిన ప్రోగ్రెస్ అసలు గేమ్‌లోకి రావాలి. ఇది కుదరని పనేం కాదు. స్విచ్‌లో డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్ డెమో సుమారు 10 గంటల ఆట ఇచ్చి, అక్కడినుంచే కొనసాగించనిచ్చింది. 2023లో ఫైనల్ ఫాంటసీ 16 మొదటి 2 గంటల కథని డెమోగా ఇచ్చి, కొన్నవాళ్లకి ఆ సేవ్ దాచిపెట్టింది. అమ్మేవాళ్లు ఏరి చూపించిన ముక్క కాకుండా గేమ్ అసలు మొదలే ఆడతాం, పరుగు ఉండదు, పెట్టిన సమయం వృథా కాదు, డౌన్‌లోడ్ కూడా మోయగలిగినంతే ఉంటుంది.

వచ్చేసారి విష్‌లిస్ట్‌లోని గేమ్ మీద డిస్కౌంట్ పడినప్పుడు, కొనే బటన్ నొక్కేముందు అదే పేజీలో ఇంకొంచెం కిందికి స్క్రోల్ చేయండి. డెమో డౌన్‌లోడ్ బటన్ ఉందేమో చూడండి. ఉంటే ముందు అది.